ఎత్తు ఎక్కేటప్పుడే ఎందుకు హీటెక్కుతోంది?

తెల్లవారుజామున 3 గంటలు. బండి వెనక 32 తేనెపెట్టెలు, వాటి మీద వల, చుట్టూ తాళ్ళు. ఘాట్ మొదలై 4 కిలోమీటర్లు ఎక్కామో లేదో మా బామ్మర్ది "బావా, ముల్లు చూడు" అన్నాడు. ఎప్పుడూ సగం దగ్గర కదలకుండా ఉండే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీతను దాదాపు తాకుతోంది.

హీటర్ ఫుల్లుగా తిప్పి, కిటికీలు దించాను. ఇంజన్‌లోని వేడి నీళ్ళు హీటర్ గుండా కూడా తిరుగుతాయి కాబట్టి అదొక చిన్న రేడియేటర్ లాగా పనిచేస్తుంది. క్యాబిన్‌లో మనం ఉడికిపోతాం గానీ ఇంజన్‌కు కొంత ఊరట దొరుకుతుంది. ముల్లు వెంట్రుకవాసి దిగింది. అలాగే నెమ్మదిగా ఇంకో మలుపు దాకా లాగి, పక్కన జాగా కనిపిస్తే ఆపేశాను. బామ్మర్ది నీళ్ళ సీసా పట్టుకుని దిగబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. రేడియేటర్ మూత అప్పుడు తీస్తే లోపల ఒత్తిడి మీద ఉన్న నీళ్ళు ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతాయి. పైగా కాలిన ఇంజన్‌లో చన్నీళ్ళు పోస్తే హెడ్ (సిలిండర్ల మీద మూతలా ఉండే భాగం) పగలొచ్చు. మా బండి హెడ్ అల్యూమినియం, బ్లాక్ పోత ఇనుము. రెండూ వేడికి ఒకేలా సాగవు, ఒకేలా కుంచించుకుపోవు.

ఇంజన్ చల్లారేదాకా ఆగిన ఆ 40 నిమిషాలూ నేను పెట్టెలకు చెవి ఆనించి కూర్చున్నాను. తేనెటీగలు పిల్లలున్న చోట వేడిని 34, 35 డిగ్రీల దగ్గర నిలబెట్టుకుంటాయి. వేడి పెరిగితే నీళ్ళు తెచ్చి పలచగా పూసి, రెక్కలతో విసిరి ఆవిరి చేస్తాయి. ప్రయాణానికి పెట్టె గేటు మూశాక నీళ్ళు తెచ్చుకునే దారి ఉండదు. ఎండెక్కితే మూసిన పెట్టెలో ఈగలు కుప్పకూలిపోతాయి, మైనం మెత్తబడి పట్లు విరుగుతాయి. అందుకే రాత్రిళ్ళు తీసుకెళ్తాం, తెల్లారకముందే దించేస్తాం. ఆ రోజు వెలుతురు వచ్చాక చేరాం. ఈగలు బతికాయి, కానీ ఆ టెన్షన్ మళ్ళీ పడలేననిపించింది.

బండి 1989 మోడల్. నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, ముందు రాగి, ఇత్తడి రేడియేటర్, పంపు మీదే బిగించి ఉన్న ఫ్యాన్. కంప్యూటర్ లేదు, కోడ్ చదివే పరికరం పెట్టుకోవడానికి సాకెట్టూ లేదు. ఏం జరుగుతోందో మనమే చూసి, విని, ముట్టుకుని తెలుసుకోవాలి.

ఆ వారం నేను చాలామంది చేసే పనే చేశాను. కొత్త థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే నీళ్ళను రేడియేటర్‌కు వదిలే కవాటం), కొత్త రేడియేటర్ క్యాప్ తెచ్చి వేసేశాను. ఖాళీ బండితో ఊరికే తిరిగితే ముల్లు లేవలేదు. బాగైపోయిందనుకున్నాను. తర్వాతి లోడుతో అదే ఘాట్‌లో, దాదాపు అదే మలుపులో ముల్లు మళ్ళీ లేచింది.

అప్పుడు పాత థర్మోస్టాట్‌ను గిన్నెలో నీళ్ళు పోసి, దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి వేడి చేశాను. దాని మీద 82 అని కొట్టి ఉంది. 82 దాటగానే లోపలి మైనం కరిగి వ్యాకోచించి కవాటాన్ని నెట్టడం మొదలైంది, 95 దగ్గరకొచ్చేసరికి పూర్తిగా తెరుచుకుంది. ఏ లోపమూ లేని భాగాన్ని పీకేశానన్నమాట. ఇదే పరీక్ష ముందు చేసుంటే గంట పనితో తేలిపోయేది.

మాకు తెలిసిన ఒక పెద్దాయన ఉన్నారు. లారీ ఇంజన్ల మీద జీవితమంతా పనిచేసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నారు. ఆయన దగ్గరికి వెళ్ళి "బాబాయ్, బండి ఊరికే హీటెక్కుతోంది" అన్నాను.

"ఊరికే ఎక్కదు బాబూ. నిలబెట్టినప్పుడు ఎక్కుతోందా, ట్రాఫిక్‌లోనా, రోడ్డు మీద పరిగెత్తేటప్పుడా, ఎత్తులోనా?"

"అన్నిచోట్లా" అనేశాను. నిజానికి నాకు తెలియదు. ఆయనకది అర్థమైనట్టుంది. ఒక వారం పాటు పుస్తకంలో రాసుకురమ్మన్నారు. ముల్లు ఎక్కడ ఉంది, ఏ గేరు, ఎంత స్పీడు, లోడుందా లేదా, హీటర్‌లోంచి వేడి గాలే వస్తోందా, ఆపాక ముల్లు దిగుతోందా పెరుగుతోందా. ఇవన్నీ బామ్మర్ది రాశాడు, నేను నడిపాను.

ఈ పోస్టు రాయడానికి కారణం ఆ పుస్తకమే. వారం తర్వాత అందులో ఒక తీరు స్పష్టంగా కనిపించింది. అరగంట సేపు నిలబెట్టి ఇంజన్ ఆన్‌లో ఉంచినా ముల్లు సగం దాటలేదు. నెమ్మదిగా పాకే ట్రాఫిక్‌లోనూ లేవలేదు. చదును రోడ్డు మీద 60 దాకా బాగానే ఉంది, 80 మీద నిలకడగా పోతే కొద్దికొద్దిగా పెరిగింది. లోడుతో మూడో గేరులో, ఇంజన్ గట్టిగా తిరుగుతూ ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం పది నిమిషాల్లో ఎర్ర గీత చేరింది. పైన బండి ఆపి, ఇంజన్‌ను స్లో మీద వదిలితే అయిదు నిమిషాల్లో మామూలుకు వచ్చేసింది.

పెద్దాయన పుస్తకం తిప్పి "అయితే ఫ్యాన్ జోలికి ముందు పోవద్దు" అన్నారు. నిలబడ్డ బండికి గాలి ఫ్యాన్ ఒక్కటే ఇవ్వాలి. ఫ్యాన్ గానీ దాని క్లచ్ గానీ పాడైతే, ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ గూడు ఊడిపోతే, ఆగి ఉన్నప్పుడూ ట్రాఫిక్‌లోనూ హీటెక్కుతుంది, రోడ్డెక్కి గాలి తగలగానే చల్లబడుతుంది. మాది దానికి సరిగ్గా తిరగబడి ఉంది. బండి ఎంత ఎక్కువ వేడి పుట్టిస్తే అంత వేడిని నీళ్ళు మోసుకెళ్ళలేకపోతున్నాయి. అంటే నీళ్ళు చాలినంతగా తిరగడం లేదు, లేదా రేడియేటర్ వేడిని వదలడం లేదు, లేదా ఇంజన్ మామూలు కంటే ఎక్కువ వేడి పుట్టిస్తోంది.

అయితే ముందు ముల్లు నిజం చెబుతోందా అని చూడాలి. పాత బండ్లలో సెన్సర్ వైరు, ఎర్తు కనెక్షన్ తుప్పు పడితే ముల్లు తన ఇష్టమొచ్చినట్టు ఆడుతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ ఒకటి అరువు తెచ్చి థర్మోస్టాట్ గూడు మీద పెట్టి చూశాను. మెరిసే లోహం మీద ఈ గన్ తక్కువ చూపిస్తుంది. ఈ సంగతి తెలియక మొదటిరోజు 61 చూసి గేజీయే తప్పనుకున్నాను. నల్ల టేపు ముక్క అంటించి దాని మీద గురిపెడితే 88 చూపించింది. ఘాట్ పైన ఆపిన వెంటనే అదే టేపు మీద 109. ముల్లు అబద్ధం చెప్పడం లేదు.

109 అంటే అప్పటికింకా మరగలేదనే లెక్క. నీళ్ళూ కూలెంటూ సగం సగం కలిపితే మామూలు గాలి ఒత్తిడిలో 106, 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత 0.9 బార్ ఒత్తిడి పట్టి ఉంచితే 125 దాటేదాకా మరగదు. మూత రబ్బరు పాడైతే ఈ వెసులుబాటు పోతుంది. క్యాప్ మార్చడం వృథా కాలేదని అప్పుడు కొంచెం ఊరట కలిగింది.

తర్వాత అన్నిటికంటే నేను ఎక్కువ భయపడిన పరీక్ష, హెడ్ గ్యాస్కెట్, అంటే హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు. అది పోతే సిలిండర్‌లో మండిన గ్యాసు నీళ్ళలోకి దూరుతుంది, ఎత్తులో లోడు పడినప్పుడు మరీ ఎక్కువగా. మా లక్షణాలకు అది కూడా సరిపోతుంది కాబట్టి తప్పించుకోవడానికి లేదు. పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద మూత తీసి స్టార్ట్ చేశాను. రేడియేటర్ నోట్లో ఆగకుండా బుడగలు వస్తే అనుమానించాలి. మొదట రెండు మూడు వచ్చి ఆగిపోయాయి. ఆయిల్ డిప్‌స్టిక్ మీద పాలలాంటి తెల్లదనం లేదు. పొగలో తియ్యటి వాసన లేదు. చల్లగా స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే పై హోస్ (ఇంజన్ నుంచి రేడియేటర్‌కు వేడి నీళ్ళు తెచ్చే రబ్బరు పైపు) రాయిలా బిగుసుకుంటే గ్యాసు దూరుతున్నట్టే, అదీ లేదు. చివరికి నీలం రంగు ద్రవం ఉండే గాజు గొట్టంతో కూడా చూశాం. రేడియేటర్ నోటి దగ్గరి గాలిని ఆ ద్రవంలోకి పీలిస్తే, మండిన గ్యాసు ఉంటే పసుపు తిరుగుతుంది. చాలాసేపు పీల్చినా నీలంగానే ఉంది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఇగ్నిషన్ టైమింగ్, అంటే సిలిండర్‌లో నిప్పురవ్వ పడే సమయం, లైటు పెట్టి చూసుకున్నాం, సరిగ్గానే ఉంది. టైమింగ్ వెనకబడితే మంట ఆలస్యంగా మండి వేడంతా ఎగ్జాస్ట్ వైపు గోడలకు ఎక్కుతుంది. చక్రాలు పైకెత్తి తిప్పితే నాలుగూ తేలిగ్గా తిరిగాయి, బ్రేకు ఎక్కడా పట్టి లేదు. ఈ రెండూ పావుగంట పనులు.

ఇక నీళ్ళ దారి. పెద్దాయన బానెట్ ఎత్తించి, ఇంజన్ బాగా వేడెక్కాక, "కింది హోస్ చూస్తూ రేస్ ఇవ్వు. చొక్కా చేతులు పైకి మడుచుకో, ఫ్యాన్ దగ్గరికి తల పెట్టొద్దు" అన్నారు. కార్బురేటర్ దగ్గర లివర్ పట్టుకుని మెల్లగా పెంచాను. ఇంజన్ నిమిషానికి 1500 చుట్లు తిరిగే దగ్గర ఏమీ లేదు. 2500 దాటాక ఆ లావు రబ్బరు పైపు నా కళ్ళ ముందే చదునుగా నొక్కుకుపోయింది, ఖాళీ ప్యాకెట్‌లోంచి గాలి పీల్చినట్టు. లివర్ వదిలితే మళ్ళీ గుండ్రంగా అయింది. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ అంతే.

కింది హోస్ రేడియేటర్ నుంచి పంపుకు నీళ్ళు తెస్తుంది, అంటే అది పంపు పీల్చే వైపు. ఇంజన్ గట్టిగా తిరిగే కొద్దీ పీల్పు పెరుగుతుంది. మెత్తబడిన రబ్బరు ఆ పీల్పుకు మూసుకుపోతే నీళ్ళు అందవు. స్లో మీద చూస్తే ఎప్పటికీ కనిపించదు. అంతకుముందు నేను బానెట్ ఎత్తి ఆ హోస్‌ను ఎన్నోసార్లు చూశాను, చల్లగా ఉన్నప్పుడో స్లో మీదో. బండి చల్లారాక హోస్ నొక్కుకుని ఉంటే అది వేరే సంగతి. మూతలో నడిమి చిన్న వాల్వు తెరుచుకోక, పక్క సీసాలోని నీళ్ళు వెనక్కి రాలేదని దానర్థం.

హోస్ ఊడదీసి నిలువుగా కోశాను. లోపల నొక్కుకుపోకుండా స్ప్రింగ్ ఉండాలి. తుప్పు పట్టి మూడు ముక్కలై ఉంది, అవి పేర్చి చూస్తే మధ్యలో ఒక చుట్టు తక్కువ. అది పంపులోకి పోయిందేమోనని ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు పంపు విప్పితే ఆ ముక్క నోటి దగ్గరే ఇరుక్కుని కనిపించింది. రెక్కలకు దెబ్బ తగల్లేదు, బేరింగ్ వదులు కాలేదు, పంపు లీకైతే నీళ్ళు కారే కింది చిన్న రంధ్రం పొడిగా ఉంది. కొత్త గ్యాస్కెట్‌తో అదే పంపు మళ్ళీ బిగించి, కొత్త హోస్‌లోకి తుప్పు పట్టని స్ప్రింగ్ వేశాను.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. సగం లోడుతో ఘాట్ ఎక్కితే ముల్లు ఎర్ర గీతకు పోలేదు, కానీ సగం దాటి ముప్పావు దగ్గర నిలబడింది. చాలామంది దీంతో సరిపెట్టుకుంటారు. నేనూ సరిపెట్టుకునేవాణ్ణే. బామ్మర్ది మాత్రం ఊరుకోలేదు. "బావా, పూర్తి లోడు వేస్తే?" అని ఒక్క మాట అడిగాడు.

పెద్దాయనకు చెప్తే, "హోస్ అలా నొక్కుకుపోవడానికి పైనుంచి నీళ్ళు దిగకపోవడం కూడా కారణం కావచ్చు బాబూ. స్ట్రా ఒక కొస వేలితో మూసి పీల్చి చూడు" అన్నారు. అప్పుడు వెలిగింది. స్ప్రింగ్ తుప్పు పట్టడం నిజమే, రబ్బరు మెత్తబడడం నిజమే. కానీ రేడియేటర్ గొట్టాల్లోంచి నీళ్ళు ధారాళంగా దిగుతుంటే పంపు అంత గట్టిగా పీల్చాల్సిన అవసరమే రాదు. నేను చూసింది రోగం కాదు, దాని వల్ల వచ్చిన బాధ.

మళ్ళీ గన్ తీసుకున్నాను. మా రేడియేటర్‌లో పైన ఒక తొట్టి, కింద ఒక తొట్టి, మధ్యలో నిలువు గొట్టాలు. నల్ల పెయింట్ ఉంది కాబట్టి టేపు అవసరం లేదు. ఇంజన్ వేడెక్కాక ఆపేసి, వెంటనే ఎడమ నుంచి కుడికి అంగుళం అంగుళం చూసుకుంటూ పోయాను. నడుమ 80 పైన, కుడి చివర 78. ఎడమ పక్క ఒక పట్టీ మొత్తం 52, దాని పక్కన ఇంకో సన్నటి పట్టీ 57. ఆ గొట్టాల్లోకి వేడి నీళ్ళే రావడం లేదు.

విప్పేముందు ఇంకో పరీక్ష. చల్లారాక కూలెంట్ మొత్తం తొట్టెలోకి పట్టి కొలిచి పెట్టుకున్నాను, 8 లీటర్లు. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ తాగేస్తాయి. అందులోని ఇథిలిన్ గ్లైకాల్ విషం, కాబట్టి మూత పెట్టకుండా వదలకూడదు. రేడియేటర్ కింది నోరు మూసి, నిండా నీళ్ళు పోసి, ఒక్కసారి వదిలాను. బాగున్న రేడియేటర్ అయితే నోటినిండా దూకాలి. మాది సన్నగా కారింది.

రాగి రేడియేటర్‌కు ఒక మంచి గుణం ఉంది, దాన్ని విప్పి బాగు చేయొచ్చు. టంకం కరిగించి పై తొట్టి ఊడదీయించాం. మూడో వంతు గొట్టాల నోళ్ళు తెల్లటి సున్నంతో, గోధుమ రంగు జిగురుతో మూసుకుపోయి ఉన్నాయి. జిగురు పాత యజమాని లీకు ఆపడానికి వేసిన పౌడరు. సున్నం మాత్రం నేను పోసిన కుళాయి నీళ్ళది. బండి కొన్న మొదటి రెండేళ్ళు ఎప్పుడు నీళ్ళు తగ్గినా కుళాయి నీళ్ళే పోసేవాణ్ణి. ప్రతి సీసాతో కొంచెం సున్నం లోపలికి పంపానన్న సంగతి ఆ గొట్టాలు చూశాకే తెలిసింది. ఇప్పుడు కూలెంట్‌లో కలపడానికి డిస్టిల్డ్ వాటర్ డబ్బా బండిలోనే ఉంటుంది.

ప్రతి గొట్టంలోకి సన్నటి చదును చువ్వ దూర్చి శుభ్రం చేశారు. నేను పక్కనే కూర్చుని ఒక్కో గొట్టంలోంచి అవతలికి లైటు వెలుతురు కనిపించడం చూశాను. ఎంత సంతోషమేసిందో మాటల్లో చెప్పలేను. తొట్టి మళ్ళీ టంకం పెట్టి, నీళ్ళలో ముంచి గాలి ఒత్తిడితో లీకులు చూసి ఇచ్చారు. రేడియేటర్ ముందు రెక్కల్లో ఇరుక్కున్న పురుగులు, దుమ్ము నేనే వెనకనుంచి ముందుకు నీళ్ళు కొట్టి వదిలించాను. గట్టిగా కొడితే రెక్కలు వంగిపోతాయి, తక్కువ ఒత్తిడే చాలు.

తిరిగి కూలెంట్ పోసేటప్పుడు 6 లీటర్లకే నిండిపోయింది. 8 తీసిన చోట 6 పడితే మిగతా 2 లీటర్ల జాగాలో గాలి ఉన్నట్టే. ఆ గాలి థర్మోస్టాట్ దగ్గరో హెడ్‌లోనో నిలిస్తే మళ్ళీ హీటెక్కుతుంది, కొన్నిసార్లు గేజీ కూడా తప్పు చూపిస్తుంది. బండి ముందు చక్రాలు ఎత్తుగా ఉండేలా నిలిపి, మూత తీసి, హీటర్ తెరిచి, స్లో మీద ఉంచాను. థర్మోస్టాట్ తెరుచుకోగానే రేడియేటర్‌లో మట్టం దబ్బున దిగింది. పోస్తూ, పై హోస్ నొక్కుతూ, బుడగలు ఆగేదాకా గంటసేపు కూర్చున్నాను. మొత్తం 8 లీటర్లూ పట్టాయి. హీటర్‌లోంచి ఏకధాటిగా వేడిగాలి వచ్చింది.

గన్‌తో మళ్ళీ కొలిస్తే రేడియేటర్ ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగైదు డిగ్రీల తేడా మాత్రమే. కింది హోస్ చూస్తూ 3000 దాకా రేస్ ఇచ్చాను, కదల్లేదు.

పోయిన వారం పూర్తి లోడు వేశాం, 32 పెట్టెలు. బామ్మర్ది ఘాట్ మొదట్లోనే పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని ముల్లు మీద టార్చి వేశాడు. మూడో గేరు, ఫుల్ లోడు. పాత మలుపు వచ్చింది, దాటాం. పైదాకా ఎక్కాం. పైన ఆపి దిగి టేపు మీద గన్ పెడితే 91.

పుస్తకంలో "91, సగం గీత, 3:20" అని రాసుకుని దిగడం మొదలుపెట్టాం. పెట్టెలు దించి వరసగా పేర్చేసరికి ఇంకా చీకటిగానే ఉంది. గేట్లు తీసి పక్కకు కూర్చున్నాం. కాస్త వెలుతురు రాగానే మొదటి ఈగలు బయటికొచ్చి, పెట్టె ముందు గాలిలో తిరుగుతూ కొత్త చోటును గుర్తుపెట్టుకోవడం మొదలుపెట్టాయి.